తాతగారి కత్తి చేతి వెంట్రుకలు తీస్తోంది, గడ్డం మాత్రం పీకుతోంది

ఈసారి ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది. పేరు, ఊరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. రాసినాయనకు 29 ఏళ్ళు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ తాతగారు ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి క్షవరం చేసేవారు, పెళ్ళిళ్ళకు సన్నాయి వాయించేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయిన వేసవిలో పాత ఇల్లు బాగుచేయిస్తుంటే అటక మీద తాతగారి పొది దొరికింది. అందులో సోలింగెన్ అని చెక్కి ఉన్న జర్మనీ కత్తి, మధ్యలో గుంట పడిన సానరాయి, నూరాక అంచు సవరించే, పగుళ్ళిచ్చిన తోలు పట్టా, చిన్న ఇత్తడి గిన్నె, అరిగిపోయిన పటిక ముక్క ఉన్నాయి. కత్తికి వెన్ను వైపు కాస్త తుప్పు పట్టినా అంచు బాగానే ఉందట.

అప్పటి నుంచి ఆ కత్తితో గడ్డం గీసుకోవాలని ఆయన పట్టుదల. 1000 నంబరు రాయి ఒకటి, ఒకవైపు 3000, రెండోవైపు 8000 ఉన్న రాయి ఇంకొకటి (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన), కొత్త తోలు పట్టా కొన్నారు. అయినా మొదటి నూరుడు తాతగారి రాయి మీదే చేస్తున్నారు. "ఆయన చెయ్యి ఆడిన రాయి, పక్కన పెట్టబుద్ధి కాలేదు" అని రాశారు. ఆ తర్వాత నేరుగా 8000 మీదికి వెళ్తున్నారు. అంచు అద్దంలా మెరుస్తోంది. మోచేతి మీద పెడితే వెంట్రుకలు టపటపా రాలుతున్నాయి. తలవెంట్రుక ఒకటి పట్టుకుని అంచుకు ఆనిస్తే ఒకసారి తెగుతోంది, ఒకసారి జారిపోతోంది. చెంప మీద పెడితే మాత్రం పీకుతోంది, కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి, తర్వాత గంటసేపు మంట. ఆఫీసు పని అయ్యాక ప్రతి రాత్రీ ఇదే పని. ఒకరోజు పదును చూడబోయి బొటనవేలు కోసుకుంటే రెండు కుట్లు పడ్డాయి.

ఆ కట్టు చూశాకే ఇంట్లో విషయం తెలిసింది. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన నాన్నగారు "ఆ పొది నా భుజం మీదికి రాకూడదనే మా నాన్న నన్ను చదివించాడు. నువ్వు వెతికి మరీ ఎత్తుకున్నావా?" అన్నారట. అప్పటి నుంచి మాటలు తగ్గించేశారు. ఫాల్గుణంలో ఈయన పెళ్ళి. పెళ్ళికొడుకుని చేసే రోజు తాతగారి కత్తితోనే గడ్డం గీయించుకోవాలని కోరిక. టౌన్లో సెలూన్ నడిపే బాబాయి "ఆ కత్తుల రోజులు పోయాయిరా, బ్లేడు వేసుకో" అంటున్నారు. ఆయన అడిగినవి మూడు. కత్తి పదునెక్కిందని ఖాయంగా చెప్పే పరీక్ష ఏది? వేరేవాళ్ళ చేత నూరిస్తే తప్పా? నాన్నను ఎలా ఒప్పించాలి?

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు చిక్కులు ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. ఒకటి ఉక్కుది, ఒకటి ఇంటిది. కత్తికి మంచి పదును వస్తే నాన్నగారు కూడా మెత్తబడతారని మీరు లోలోపల అనుకుంటున్నారేమో అనిపించింది. అందుకే రోజూ రాత్రి రాయి ముందు కూర్చుంటే అంత టెన్షన్. ఉక్కు సంగతి తేలికగా తేలుతుంది కాబట్టి ముందు అదే చూద్దాం.

మీరు రాసినదాన్ని బట్టి కత్తి చెడిపోలేదు. చేతి వెంట్రుకలు తీసే అంచుకూ గడ్డం తీసే అంచుకూ మధ్య తేడా మీరు అనుకున్నదానికంటే చాలా పెద్దది, అంతే. 1000 నంబరు రాయి మీద సరిగ్గా నూరిన కత్తి, ఇంక ఏ రాయీ ముట్టకుండానే, మోచేతి వెంట్రుకలు తీసేస్తుంది. ఆ రాయిలో రేణువు సుమారు 15 మైక్రాన్లుంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 8000 రాయిలో అది 2 మైక్రాన్లకు అటూ ఇటూ. గడ్డం హాయిగా దిగాలంటే అంచు మందం అర మైక్రాన్ లోపు ఉండాలి. అంటే మోచేతి పరీక్ష పాసైన కత్తి పని మొదలుపెట్టిన కత్తే గానీ పని పూర్తయిన కత్తి కాదు. పైగా మనం తెలియకుండానే ఆ పరీక్ష కత్తి నడిమి భాగంతో చేస్తాం. పిడి వైపు అంగుళం, కొన వైపు అంగుళం ఎలా ఉన్నాయో అది చెప్పదు. మీరు చెంప మీద పెట్టేది ఎక్కువగా కొన వైపే.

తలవెంట్రుక పరీక్షను మీరు మరీ నమ్ముతున్నారు. వెంట్రుక పైభాగం చేప పొలుసుల్లాంటి పొరలతో ఉంటుంది, ఆ పొరలన్నీ కొన వైపే వాలి ఉంటాయి. అందుకే వేరు వైపు పట్టుకుంటే ఒకలా, కొన వైపు పట్టుకుంటే ఇంకోలా తెగుతుంది. కొబ్బరినూనె రాసిన వెంట్రుక జారిపోతుంది, తలస్నానం చేసి ఆరిన వెంట్రుక చిక్కుకుంటుంది. అమ్మగారి వెంట్రుకకూ మీ వెంట్రుకకూ లావులో తేడా ఉంటుంది. వేళ్ళకు దగ్గరగా ఆనిస్తే తెగేదే కాస్త దూరంగా ఆనిస్తే వంగిపోతుంది. ఈ పరీక్ష పనికిరానిది కాదు. ఒకే మనిషి, ఒకే రకం వెంట్రుకతో, ఒకే తీరులో చాలాకాలం చేస్తే తన కత్తి నిన్నటికంటే ఇవాళ ఎలా ఉందో తెలుస్తుంది. మీకింకా పోల్చుకోవడానికి మంచి పదునున్న రోజే రాలేదు. కాబట్టి వెంట్రుక తెగినా తెగకపోయినా మీకు అది ఏమీ చెప్పలేదు. కొన్నాళ్ళు దాన్ని ఆపేయండి.

బొటనవేలి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అనుభవమున్నవాళ్ళు వేలిని అంచుకు అడ్డంగా, తడితో, బరువు లేకుండా ఆనించి చర్మానికి అంచు పట్టుకుంటోందా లేదా అని చూస్తారు. అంచు పొడవునా వేలు జారితే తెగుతుంది. మీకు అదే జరిగి ఉంటుంది. తడిపిన గోరు మీద కత్తిని దాని బరువుతోనే లాగి చూసే పద్ధతి ఇంకొకటి ఉంది. అంచు గోరులో సమంగా దిగుతూ పోతే బాగున్నట్టు, ఎక్కడైనా టక్కుమని ఆగితే అక్కడ అంచు విరిగి పన్ను పడినట్టు. అది మొదటి రాయి దగ్గరే చేయాలి. నున్నటి రాళ్ళు పట్టాక గోరు మీద లాగితే మీరు చేసిన పనంతా పాడవుతుంది. తాతగారు గోటి మీద చూసేవారని మీకు గుర్తుందన్నారు. ఏ దశలో చూసేవారో మీరు చిన్నప్పుడు గమనించి ఉండరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా అనుమానమంతా తాతగారి రాయి మీదే.

మంగలి కత్తి తయారీలోనే ఒక ఏర్పాటు ఉంది. దాని వెన్ను లావుగా ఉండేది చేతికి పట్టు కోసం కాదు. కత్తిని రాయి మీద బల్లపరుపుగా పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనుతాయి. అంచుకు ఎంత వాలు ఉండాలో వెన్ను మందమే నిర్ణయిస్తుంది, మామూలుగా 16, 17 డిగ్రీలు. వంటింటి కత్తికి చేసినట్టు మనం చేత్తో కోణం కొలవనక్కర్లేదు. కానీ ఈ ఏర్పాటు పనిచేయాలంటే రాయి చదునుగా ఉండాలి. గుంట పడిన రాయి మీద నూరితే అంచు పక్కల వాలు చదునుగా రాకుండా కాస్త ఉబ్బెత్తుగా వస్తుంది, చిట్టచివర కోణం పెరుగుతుంది. అదే కత్తిని తీసుకెళ్ళి చదునైన 8000 రాయి మీద పెడితే ఆ రాయి వాలులో ఉబ్బెత్తుగా ఉన్నచోటనే తగులుతుంది. అంచు చివరి కొస గాలిలోనే ఉండిపోతుంది. మీరు ఎంత సేపు నూరినా వాలు అద్దంలా మెరుస్తుంది తప్ప తెగాల్సిన కొస మాత్రం గుంట రాయి వదిలేసినట్టే మిగిలిపోతుంది. మెరుపు ఉండి పీకడం అంటే నూటికి తొంభై పాళ్ళు ఇదే.

మరి తాతగారికి ఎలా పనిచేసిందని మీరడుగుతారు. ఆయన ఒకే కత్తిని ఒకే రాయి మీద ఏళ్ళ తరబడి నూరారు. ఆ కత్తి ఆ గుంటకు తగ్గట్టే తయారైంది, ఆయన చెయ్యి ఆ రెండింటికీ అలవాటు పడింది. మీరు సగం పని ఆ రాయి మీద, సగం పని కొత్త రాయి మీద చేస్తున్నారు. రెండూ ఒకదానికొకటి కుదరవు.

నా మాట నమ్మనక్కర్లేదు, పర్మనెంట్ మార్కర్ ఒకటి తీసుకోండి. అంచుకు రెండువైపులా మెరిసే సన్నటి చార ఉంటుంది కదా, దానికి పొడవునా నల్లగా సిరా పూయండి. 8000 రాయి మీద నీళ్ళు చల్లి, కత్తిని పడుకోబెట్టి, అంచు ముందుండేలా ఒకే ఒక్కసారి నెట్టి తీసి, దీపం కింద భూతద్దంతో చూడండి. నగల పనివాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దమైతే ఇంకా మేలు. సిరా మధ్యలో చెరిగి, అంచు చిట్టచివర వెంట్రుకంత నల్లగీత మిగిలి ఉంటే జబ్బు తెలిసినట్టే. పిడి వైపో కొన వైపో మిగిలితే కత్తి ఎక్కడో వంపు తిరిగిందని అర్థం. అప్పుడు నూరే తీరు కొంచెం మార్చుకోవాలి. పొడవునా శుభ్రంగా చెరిగిపోతే నేను పొరబడ్డట్టే. అప్పుడు లోపం రాళ్ళలో కాకుండా పట్టాలోనో, గీసే చేతిలోనో వెతకాలి.

సిరా మిగిలితే మీ ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, మీరే మళ్ళీ మొదటి నుంచి నూరడం. కొత్త రాళ్ళు కూడా చదునుగా ఉన్నాయని అనుకోకండి. రాయి మీద పెన్సిలుతో అడ్డంగా నిలువుగా గళ్ళు గీయండి. మందపాటి అద్దం మీద 400 నంబరు వాటర్ పేపరు (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) పరిచి, నీళ్ళు పోసి, రాయిని బోర్లించి రుద్దండి. గీతలన్నీ ఒకేసారి పోతే చదును ఉన్నట్టు. నడుమ గీతలు మిగిలితే పోయేదాకా రుద్దాలి. తర్వాత 1000 రాయి మీద ఓపిగ్గా కూర్చోండి. నిజానికి పదునంతా ఇక్కడే పుడుతుంది. తర్వాతి రాళ్ళు దాన్ని నునుపు చేస్తాయి, అంతకుమించి ఏమీ చేయవు. చాలామంది 1000 దగ్గర తొందరపడి, ఆ లోటు తీర్చడానికి 12000 రాయి కొంటారు. అది వృథా ఖర్చు.

నూరేటప్పుడు చేతి బరువు వేయకండి. అంచు ముందు నడవాలి, చివరికి వచ్చాక కత్తిని వెన్ను మీదుగా తిప్పాలి, ఎప్పుడూ అంచు మీదుగా తిప్పకూడదు. రాయి కత్తికంటే ఇరుకైతే పిడి వైపు నుంచి మొదలుపెట్టి కొన వైపుకు ఏటవాలుగా జరుపుతూ తీయండి. రాయి మీద నీళ్ళను గమనిస్తూ ఉండండి. మొదట్లో నీళ్ళు కత్తి కిందికి జారిపోతాయి. అంచు రాయికి పూర్తిగా కుదురుకున్నప్పుడు నీళ్ళు కిందికి పోలేక, అంచు ముందు సన్నటి అలలా లేచి కత్తి రేకు మీదికి ఎక్కుతాయి. పిడి నుంచి కొన దాకా ఒకేలా ఎక్కుతున్నాయా అని చూడండి. తర్వాత అంచును పైకి పెట్టి దీపం కింద పట్టుకుని నేరుగా చూడండి. పదునున్న అంచు కంటికి కనిపించదు. ఎక్కడైనా తెల్లటి చుక్క మెరిసిందంటే అక్కడ మొద్దుగా ఉంది. ఒక్క చుక్క కూడా కనిపించకపోతేనే పై రాయికి వెళ్ళండి. మోచేతి పరీక్షకు అసలు చోటు ఇదే. పిడి వైపు, నడుమ, కొన వైపు మూడు చోట్లా ఒకేలా తీయాలి.

3000 మీద కాసేపు, 8000 మీద ఇంకాస్త తక్కువ సేపు నూరితే చాలు. ఎక్కువ నూరితే ఎక్కువ పదును వస్తుందనుకుంటాం. అలా రాదు. అంచు చివర కాగితం కంటే పల్చటి ఉక్కు పొర ఒకటి సాగుతుంది. అది వెంట్రుక పరీక్షలో బ్రహ్మాండంగా తెగుతుంది, గడ్డం మీద రెండు గీతలకే మడతపడుతుంది. మీకు ఒకసారి తెగి ఒకసారి తెగకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. రోజూ నూరడం, రోజూ పరీక్షించడం, మొలకను రోజూ పీకి వేరు పట్టిందా అని చూసినట్టే అవుతుంది.

పట్టా విషయంలో ఒక్క జాగ్రత్త. తాతగారి తోలు పట్టాకు పగుళ్ళున్నాయి కాబట్టి దాని మీద వద్దు. కొత్తదాన్ని బిగుతుగా లాగి పట్టుకుని, ఈసారి వెన్ను ముందు నడిచేలా, ముందు గుడ్డ వైపు, తర్వాత తోలు వైపు యాభై అరవై సార్లు తీయండి. పట్టా వదులైతే అంచు గుండ్రమవుతుంది. తాతగారు అరచేతి మీద తీసేవారని రాశారు. పాతకాలం పనివాళ్ళు అలాగే చేసేవారు, అది నిజంగా గొప్ప విద్య. ఇప్పుడే దాని జోలికి పోకండి, ఒక చేతికి కుట్లు పడ్డాయి, అది చాలు.

ఇక మీరడిగిన "ఖాయంగా చెప్పే పరీక్ష". అది మీ చెంపే. దాన్ని కూడా పద్ధతిగా చేయాలి. వేడినీళ్ళతో రెండు మూడు నిమిషాలు గడ్డం బాగా తడపండి, నురగ దట్టంగా పట్టించండి, చర్మాన్ని రెండో చేత్తో పైకి లాగి పట్టుకోండి. కత్తి వెన్ను చర్మానికి కాస్త ఎత్తులో, సుమారు 30 డిగ్రీల్లో ఉండాలి. చెవి కింద నుంచి చెంప వరకు, వెంట్రుక మొలిచిన దిక్కునే, పొట్టి గీతలు. మొదటి రోజు చెంపలు మాత్రమే, మిగతాది మీ మామూలు రేజరుతో పూర్తి చేయండి. గడ్డం కింద, పై పెదవి మీద నెల తర్వాత చూసుకోవచ్చు. అయ్యాక తాతగారి పటిక ముక్కను తడిపి రుద్దండి. చల్లగా ఉండి చిన్నగా చురుక్కుమంటే బాగా వచ్చినట్టు. భగ్గుమంటే చర్మం గీరుకుపోయినట్టు. ఎక్కడ భగ్గుమందో గుర్తుపెట్టుకోండి.

మొదటి గీతకే చెంప మీద పీకితే అంచులో లోపం. చెంప హాయిగా ఉండి దవడ మలుపు దగ్గర పీకితే అది చేతి కోణం, దానికి మళ్ళీ రాయి దగ్గరికి పరుగెత్తకండి. పీకడమేమీ లేకుండా తర్వాత మంట మాత్రమే వస్తే మీరు నొక్కుతున్నారు. ఈ మూడింటినీ కలిపేసి అన్నిటికీ రాయినే బాధ్యుణ్ణి చేయడం వల్లే మీకు ఇన్ని రాత్రులు పోయాయి.

రెండో దారి, తెలిసిన చేతికి ఇచ్చి ఒకసారి నూరించడం. ఇది తప్పా అని అడిగారు. నా అభిప్రాయంలో మీకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఇదే. మంచి పదునున్న కత్తి చెంప మీద ఎలా నడుస్తుందో మీరు ఒక్కసారి కూడా చూడలేదు. అది తెలిస్తే తర్వాత మీరు నూరుకునేటప్పుడు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఇందులో నష్టం ఒకటే, మొదటి గడ్డం మీ చేతి పని కాదు. అది మీకు ఎంత ముఖ్యమో మీరే చూసుకోవాలి. కానీ చక్రం తిప్పుతూ కత్తెరలు సానపట్టేవాళ్ళకు మాత్రం ఇవ్వకండి. చక్రం వేడికి పల్చటి అంచు క్షణంలో నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన ఉక్కు గట్టిదనం పోయినట్టే, దాన్ని మళ్ళీ తేలేం.

మరి ఎవరికి ఇవ్వాలి? ఇక్కడ బాబాయిని అడగండి. ఎయిడ్స్ భయం మొదలయ్యాక సెలూన్లు చాలావరకు సగం బ్లేడు విరిచి పెట్టే కత్తులకు మారాయి, అది మంచికే. అందుకే ఆయన ఆ రోజులు పోయాయన్నారు. అంతకు ముందు రాయి మీద నూరిన పెద్దవాళ్ళు మీ బంధువుల్లో ఇంకా ఉండే ఉంటారు, వాళ్ళెవరో బాబాయికి తెలుస్తుంది. "నూరి పెట్టు" అని కాకుండా "ఎవరి దగ్గర నేర్చుకోవాలి" అని అడిగి చూడండి.

మూడో దారి బాబాయి చెప్పినదే. సగం బ్లేడు పెట్టే కత్తి ఒకటి తెచ్చుకుని దానితో గీసుకోవడం. ఖర్చు తక్కువ, అంచు ఎప్పుడూ కొత్తదే. తాతగారి కత్తి పొదిలోనే ఉంటుంది, అది మీకు వెలితిగా ఉంటుందని తెలుసు. అయినా కొన్ని వారాలు దానితో గీసుకోమనే చెబుతాను. ఎందుకంటే కొత్త బ్లేడు పెట్టినా చెంప మీద పీకుతోందంటే లోపం చేతిదని తేలిపోతుంది. బ్లేడు అంచు చిన్న తప్పును కూడా ఊరుకోదు, మెల్లగా మొదలుపెట్టండి.

తాతగారి రాయిని చదును చేయవచ్చా అని మీరు అడగలేదు గానీ, అద్దం మీద రుద్దుతున్నప్పుడు ఆ ఆలోచన వస్తుంది. చేయవచ్చు, చేస్తే మంచి రాయే అవుతుంది. కానీ ఆ గుంట ఆయన చేతి రాపిడికి ఏళ్ళ మీద పడింది. ఒక సాయంత్రంలో బురదనీళ్ళై పోతుంది, మళ్ళీ రాదు. నేనైతే ముట్టుకోను. నూరడానికి కొత్త రాళ్ళున్నాయి.

కత్తి గురించి ఇంకో మాట. సోలింగెన్ పేరును 1938 నుంచి జర్మనీలో చట్టం కాపాడుతోంది, ఆ ప్రాంతంలో చేసినవాటికే ఆ పేరు పెట్టాలి. మీది నకిలీ కాకపోతే కష్టపడటానికి తగిన ఉక్కే. పిడిని వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. అది పాతబడితే ఆమ్లపు ఆవిరి వదిలి కత్తికే తుప్పు పట్టిస్తుంది. అలాంటిదైతే మూసిన పెట్టెలో పెట్టకండి, నిప్పుకు దూరంగా ఉంచండి. వాడాక తుడిచి, ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె చుక్క రాయండి. కోనసీమ గాలికి కొబ్బరినూనె చాలదు. ఎందరికో గీసిన కత్తి కాబట్టి సబ్బునీళ్ళతో కడిగి స్పిరిట్‌తో తుడవండి. ఇక నుంచి అది మీ ఒక్క ముఖానికే. పెళ్ళిలో సరదాకైనా తోడి పెళ్ళికొడుకు గడ్డం మీద పెట్టనివ్వకండి. హెపటైటిస్ బి లాంటివి కంటికి కనపడని గాటు చాలు, పాకిపోతాయి.

ఇప్పుడు నాన్నగారు.

మీకు తెలిసిన తాతగారు ఇంట్లో మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కత్తి తీసినాయన. నాన్నగారికి తెలిసినాయన వేరు. ఆ కాలంలో ఏడాది పొడుగునా క్షవరాలు చేసినదానికి పంటల వేళ కళ్ళం దగ్గర నిలబడి మేర, అంటే ధాన్యంలో తమ వాటా, అడిగి తెచ్చుకునేవారు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు తాతగారిని ఏమని పిలిచేవారో, ఆ పొది వెనకాలే నడిచిన పిల్లవాడిగా నాన్నగారు ఏం విన్నారో మీకు చెప్పి ఉండరు. చెప్పకుండా ఉండటానికే ఆయన అంత దూరం చదువుకుని ఉంటారు. మీ చేతిలో ఉన్న వస్తువు మీకు తాతగారి ప్రేమ, ఆయనకు తాతగారు పడిన అవమానం. రెండూ నిజమే. కాబట్టి "ఎలా ఒప్పించాలి" అన్న మీ ప్రశ్న నాకు సరిగ్గా అనిపించలేదు. కత్తి ఎంత పదునెక్కినా ఆయన అభ్యంతరానికి అది జవాబు కాదు.

చెప్పకుండా పెళ్ళిరోజున పొది తీయడం ఒక పద్ధతి. బంధువులందరి ముందూ ఆయన కాదనలేరు. ఆ రోజు మీకు దక్కుతుంది, తర్వాత ఏళ్ళ తరబడి ఆ నిమిషం మీ ఇద్దరి మధ్యా ఉండిపోతుంది. దీనికి మాత్రం నేను ఒద్దనే చెబుతాను.

పెళ్ళి ఊసు లేకుండా ముందు ఆయన చేత మాట్లాడించడం ఇంకొకటి. ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మగారు లేనప్పుడు, రాయి ఒక్కటీ పట్టుకెళ్ళి "ఈ రాయికి నీళ్ళు పోసేవారా నూనె వేసేవారా నాన్నా?" అని అడగండి. ఇది వంకతో అడిగే ప్రశ్న కాదు, మీకు నిజంగా తెలియాల్సినది. నూనె పట్టిన రాయి మీద నీళ్ళు నిలవవు. ఇంట్లో ఈ సంగతి తెలిసినాయన బహుశా ఆయనొక్కరే. చెబితే ఇంకా ఏమైనా చెబుతారేమో వినండి, మధ్యలో మీ కోరిక తీసుకురాకండి. ఏమీ చెప్పకుండా లేచి వెళ్ళిపోవచ్చు కూడా. అప్పుడు వెంటపడకండి. మాట్లాడకుండా ఉండే హక్కు ఆయనకుంది.

మూడోది, కత్తినీ పెళ్ళినీ విడదీయడం. హైదరాబాదులో మీ గదిలో, మీ అద్దం ముందు, ఏ ఆదివారం పొద్దున్నయినా తాతగారి కత్తితో గడ్డం గీసుకోవచ్చు. దానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు, ఎవరి మనసూ నొప్పించదు. పెళ్ళికొడుకుని చేసే రోజున బాబాయి కొత్త బ్లేడుతో గీస్తారు. నీళ్ళకు ఆ ఇత్తడి గిన్నె వాడుకుంటామని నాన్నగారిని అడిగి చూడండి. దానికీ వద్దంటే సరేననండి.

నాన్నగారు తనంతట తాను సరేనంటే మాత్రం పెళ్ళిరోజు కత్తి వాడటానికి నాదొక షరతు ఉంది. పెళ్ళికి నెల ముందు నుంచి వరసగా మీ చెంపలూ దవడా గాటు లేకుండా, పటిక మంట లేకుండా వస్తూ ఉండాలి. బాబాయి గీస్తానంటే ఆయన కూడా ఆ కత్తితో ముందే మీకు నాలుగైదుసార్లు గీసి ఉండాలి. బ్లేడుకు అలవాటు పడిన చేతికి ఈ కత్తి బరువు కొత్తగా ఉంటుంది. అది కుదరకపోతే వదిలేయండి, కత్తి ఎక్కడికీ పోదు.

ఈ వారం రాయి మీద ఇంకేమీ చేయకండి. మార్కరు పరీక్ష ఒక్కటి చేసి నాకు రాయండి. సిరా ఎక్కడ మిగిలింది, పిడి వైపా, కొన వైపా, లేక పొడవునా అంచు చివరా? భూతద్దంతో ఫోటో తీయగలిగితే అదీ పంపండి. కొన వైపు మాత్రమే మిగిలితే నూరే తీరు కొంచెం వేరుగా చెప్పాల్సి ఉంటుంది.